ప్రత్యర్థి రాజ్యాల మధ్య న్యాయం: డాక్టర్ హమీదుల్లా గ్రంథాలపై ఒక పరిశీలన

అనంతపురం జిల్లా పడమటి అంచున, కన్నడ సీమను ఆనుకొని ఉన్న గుమ్మఘట్ట ప్రాంతంలో రైతు ఆకాశాన్ని చూసినంతగా మరి దేన్నీ చూడడు. వేరుశనగ విత్తాలన్నా, చెరువు కింద మడి దున్నాలన్నా వాన పడాలి. అయితే ఆ నేల తలరాతను వాన ఒక్కటే రాయలేదు. ఎక్కడో దూరాన కూర్చొని రాజ్యాలు రాసుకున్న కాగితాలు కూడా రాశాయి. మైసూరు సుల్తానుల ఏలుబడిలోని ఈ సీమ 1792, 1799 యుద్ధాల తరువాత నిజాము వాటాకు వచ్చింది. ఏడాది తిరగగానే, 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడికలో, తన రాజ్యంలో ఉంచుకొనే కుంఫిణీ సైన్యం ఖర్చు కింద నిజాము ఆ సీమనంతా కుంఫిణీకి దత్తం చేశాడు. దత్తమండలాలన్న పేరు అప్పుడు పుట్టింది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు నదీజలాలపై ఒప్పందం చేసుకున్నాయి; ఆ నదుల జాబితాలో వేదవతి కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లా నుంచి వేరై అనంతపురంలో చేరింది. ఇన్నిసార్లు చేతులు మారినా, గుమ్మఘట్ట మనిషిని పిలిచి అడిగిన ఒప్పందం ఒక్కటీ కనిపించదు.

రెండు రాజ్యాల మధ్య రాసుకున్న కాగితానికి విలువ ఎక్కడ నుంచి వస్తుంది? బలం ఉన్నంతకాలమే అది చెల్లుతుందా, లేక బలహీనుడైన శత్రువుకు ఇచ్చిన మాట కూడా ధర్మరీత్యా కట్టుబడవలసినదేనా? ఈ ప్రశ్న మీద జీవితమంతా వెచ్చించిన విద్వాంసుడు ఆ నిజాము రాజధానిలోనే పుట్టాడు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా.

1908లో హైదరాబాదులో జన్మించిన హమీదుల్లా మద్రాసు నుంచి వచ్చిన నవాయత్ పండితుల వంశంవాడు. జామియా నిజామియాలో సంప్రదాయ విద్య, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. ఉర్దూలో ఉన్నత విద్య నేర్పిన ఉస్మానియా, పాశ్చాత్య శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చిన అక్కడి అనువాద శాఖ లేకపోతే ఇలాంటి విద్వాంసుడు తయారయ్యేవాడు కాదు. మద్రసాలో నేర్చిన గ్రంథాన్ని విశ్వవిద్యాలయపు ప్రశ్నతో చదవడం ఆయనకు అక్కడే అలవడింది. 1933లో జర్మనీలోని బాన్ నుంచి ఒక డాక్టరేటు, 1935లో పారిస్ సోర్బోన్ నుంచి మరొకటి పొందాడు. మొదటిదానికి విషయం ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత. రెండవదానికి దైవప్రవక్త (స), ధర్మఖలీఫాల కాలపు దౌత్యపత్రాలు. ఆ తరువాత రాసినదానిలో ప్రధానమైన భాగమంతా ఈ రెండు విత్తనాల నుంచి మొలిచినదే. ఖుర్ఆన్‌కు 1959లో ప్రచురించిన ఫ్రెంచి అనువాదం, హమ్మామ్ బిన్ మునబ్బిహ్ హదీసు సంకలనాన్ని వెలుగులోకి తెచ్చిన పరిశోధన వంటివి వేరే వ్యాసానికి తగిన విషయాలు.

ఆయన పనిని అర్థం చేసుకోవాలంటే 'సియర్' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. సీరత్ అన్న మాటకు ఇది బహువచనం. నడవడులు అని అర్థం. ఇతర రాజ్యాలతో, ఇతర మతస్థులతో, తిరుగుబాటుదారులతో ముస్లిం పాలకుడు నడుచుకోవలసిన పద్ధతిని ఫిఖహ్ పండితులు ఈ పేరుతో ఒక శాస్త్రంగా తీర్చారు. ఇమామ్ అబూ హనీఫా శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ షైబానీ (మరణం 805) దానికి పెద్ద గ్రంథం రాశాడు. దానిపై ఇమామ్ సరఖ్సీ చెప్పిన వ్యాఖ్యానం నాలుగు సంపుటాలుగా అచ్చయింది 1916-17 ప్రాంతాన, హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్‌లో. ఈ సంగతి చాలామంది గమనించరు. అంతర్జాతీయ న్యాయానికి ఇస్లాం చేసిన దోహదాన్ని ఐరోపా పండితులు చర్చించడానికి కావలసిన మూలగ్రంథం దక్కను అచ్చుయంత్రం మీద నుంచి వచ్చింది. చార్మినారు చుట్టూ తిరిగిన విద్యార్థికి అది ఇంటి పుస్తకం. జీవితపు చివరి ఘట్టంలో ఆ వ్యాఖ్యానాన్నే ఆయన ఫ్రెంచిలోకి తెచ్చాడు.

1940ల ఆరంభంలో ఇంగ్లీషులో వెలువడిన ఆయన ప్రధాన గ్రంథానికి తెలుగులో 'ముస్లిం రాజ్యవర్తన' అని పేరు పెట్టుకోవచ్చు. శాంతి, యుద్ధం, తటస్థత అన్న వరుసలో సాగే ఈ గ్రంథంలో మొట్టమొదట నిలిపి చదవవలసింది నిర్వచనం. ముస్లిం రాజ్యం తన దేశ చట్టం, ఆచారం, ఒప్పందాల మేరకు ఇతర రాజ్యాలతో పాటించే నియమాలే ముస్లిం అంతర్జాతీయ న్యాయమని ఆయన భావం. ఆ ఇతర రాజ్యానికి న్యాయబద్ధమైన పుట్టుక ఉన్నా సరే, వాస్తవంలో ఉనికి మాత్రమే ఉన్నా సరే, నియమం వర్తిస్తుంది. ఎదుటివాడు మన దృష్టిలో అక్రమ పాలకుడే కావచ్చు. అయినా అతడు ఉన్నాడు గనుక అతనితో వ్యవహారానికి న్యాయం ఉంది. శత్రువును న్యాయం వెలుపలకు నెట్టివేయకుండా న్యాయం లోపలే నిలబెట్టడం ఈ గ్రంథం చేసిన అసలు పని.

ఈ విషయాన్ని మన పత్రికలు తరచు మరొక రకంగా చెప్పుకుంటాయి. హాలెండు పండితుడు గ్రోషియస్ 1625లో రాసినదానికి ఎనిమిది వందల ఏళ్ళ ముందే మనకు షైబానీ ఉన్నాడని చెప్పి సంతోషిస్తాయి. హమీదుల్లా కూడా ఈ గర్వానికి అతీతుడు కాడు. గ్రీకుల, రోమనుల నియమాలు తమవారి మధ్యకే పరిమితమని, అందరికీ వర్తించే అంతర్జాతీయ న్యాయం ముస్లింలతోనే మొదలయిందని ఆయన వాదం. ఇది పెద్ద మాట. ఎవరు ముందు అన్న పందెంలో గెలిచినంత మాత్రాన గ్రంథంలోని సరుకు పెరగదు. పైగా దక్కను పాఠకుడికి మరో పోలిక దగ్గరలోనే ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి మైసూరులో శామశాస్త్రి చేతికి వచ్చి 1909లో అచ్చయింది. పొరుగు రాజు సహజ శత్రువు, అతనికి ఆవలివాడు సహజ మిత్రుడు అన్న మండల సిద్ధాంతం అందులోది. శత్రువు ఎవరో, అతన్ని ఎలా లొంగదీయాలో అది ఎంతో నేర్పుగా చెబుతుంది. సియర్ అడిగే ప్రశ్న వేరు: ఆ శత్రువుకు మనం ఏమి బాకీపడి ఉన్నాం? ఈ తేడాను చూపడానికి ఎవరు ముందన్న లెక్క అక్కరలేదు.

ఆ బాకీ ఎంత కఠినమైనదో ఖుర్ఆన్ 8వ సూరా అన్‌ఫాల్ 72వ వాక్యం తెలుపుతుంది. వలస రాకుండా ఉండిపోయిన విశ్వాసులు ధర్మం విషయంలో సహాయం కోరితే చేయాలి. అయితే ఏ జాతితో ఒడంబడిక ఉన్నదో ఆ జాతికి వ్యతిరేకంగా మాత్రం కాదు అని దాని తాత్పర్యం. సాటి విశ్వాసి మొర ఒకవైపు, అవిశ్వాసికి ఇచ్చిన మాట మరొకవైపు. తక్కెడలో మాటే బరువు తూగింది. ఈ దృష్టితో చదివినప్పుడు హదీసులలోని చిన్న సంఘటనలు కూడా న్యాయసూత్రాలై నిలుస్తాయి. ఖురైషుల దూతగా వచ్చిన అబూ రాఫె ఇస్లాం స్వీకరించి మదీనాలోనే ఉండిపోతానన్నాడు. దూతను ఆపుకోవడం తగదని, వెనక్కు వెళ్ళి, అప్పటికీ మనసు మారకపోతే రమ్మని దైవప్రవక్త (స) పంపివేశారు. ముఆవియా (రజి) రోమనులతో సంధి గడువు ముగియగానే మీదపడాలని ముందుగానే సేనను సరిహద్దుకు నడిపించినప్పుడు, అమ్ర్ బిన్ అబసా (రజి) గుర్రం మీద వచ్చి, నమ్మకం నిలుపుకోవాలి, ద్రోహం కూడదని కేకవేశాడు. ప్రవక్త (స) మాట విన్న ముఆవియా (రజి) సేనను వెనక్కు తిప్పాడు. గడువు లోపల బాణం వేయలేదు కదా అన్న వాదం అక్కడ చెల్లలేదు.

అనువాదకులు ఇక్కడ ఒక తప్పు చేస్తూ వస్తున్నారు. 'దారుల్ హర్బ్' అన్న మాటను తెలుగులో యుద్ధభూమి అనీ, శత్రుదేశం అనీ రాస్తే, అక్కడ కనిపించినవాడినల్లా నరకవచ్చునన్న భావం పాఠకుడి మనసులో పడుతుంది. హనఫీ పండితుల వాడుకలో అది ముఖ్యంగా అధికార పరిధికి చెందిన మాట. అక్కడ జరిగిన నేరానికి ఇక్కడి ఖాజీ నిర్ణీత శిక్ష వేయలేడు. ఎందుకంటే అక్కడ అతని చేయి సాగదు. 'అమాన్', అంటే అభయం పొంది ఆ దేశంలో అడుగుపెట్టిన ముస్లిం వర్తకుడు అక్కడివారి సొత్తును మోసంతో తీసుకోవడం అధర్మమని వారే రాశారు. అభయం రెండువైపులా కట్టే తాడు. హమీదుల్లా ఈ పదాలను ఇంగ్లీషులో పెట్టేటప్పుడు న్యాయవాది జాగ్రత్త చూపాడు. తెలుగులో ఆ జాగ్రత్త ఇంకా రావలసి ఉంది.

గ్రంథంలో చదువరిని ఎక్కువగా ఆకట్టుకునేది ప్రత్యర్థి శక్తుల మధ్య చిన్న రాజ్యం ఎలా నిలదొక్కుకుందన్న విశ్లేషణ. ఉత్తరాన రోము, పారశీకం ఒకదానినొకటి నమిలివేస్తున్న కాలమది. 614లో పారశీకులు జెరూసలేమును పట్టుకున్నారు. రోము ఓడినా కొన్ని ఏళ్ళలోనే గెలుస్తుందని 30వ సూరా 'అర్ రూమ్' ముందే తెలిపింది. 627లో నినెవా దగ్గర హిరాక్లియస్ గెలిచాడు. 628లో ఖుస్రో పర్వేజ్ సొంత మనుషుల చేతిలోనే చచ్చాడు. సరిగ్గా ఆ 628లోనే మదీనావారు హుదైబియాలో ఖురైషులతో పదేళ్ళ సంధి చేసుకున్నారు. ఎందుకు చేసుకున్నారు? పైకి చూస్తే ఓటమిలా ఉన్న షరతులు. దీనికి హమీదుల్లా చూపే కీలకం సరఖ్సీలో ఉంది. మదీనాకు దక్షిణాన మక్కా, ఉత్తరాన ఖైబర్. ఒకదానిపైకి ముస్లింలు దండెత్తితే రెండవది మదీనా మీద పడాలని ఆ రెంటికీ లోపాయికారీ ఒప్పందం. ఒకే కాలంలో రెండు వైపులా పోరాడే బలం లేదు. హుదైబియా సంధితో మక్కా తటస్థమైపోయింది. కొద్ది వారాలకే ఖైబర్ లొంగింది. సీరత్ గ్రంథాలలో మనం భక్తితో చదివి పక్కన పెట్టే సంఘటనను ఈయన పటం పరచి, దారులు కొలిచి, ఎవరికి ఎవరితో ఏ ఒప్పందం ఉందో చూపించి మళ్ళీ చదివించాడు. దైవప్రవక్త (స) యుద్ధక్షేత్రాలను స్వయంగా తిరిగి కొలిచి రాసిన పుస్తకంలోనూ ఇదే పద్ధతి.

తటస్థత మీద ఆయన వాదానికి గట్టి ప్రత్యర్థి మోసుల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మజీద్ ఖద్దూరీ (1909-2007). యుద్ధం, శాంతిపై 1955లో వెలువడిన తన గ్రంథంలో ఖద్దూరీ, ఇస్లామీయ న్యాయసిద్ధాంతం స్వచ్ఛంద తటస్థతను గుర్తించలేదని, అబిసీనియా వంటివి ప్రత్యేక మినహాయింపులు మాత్రమేనని తేల్చాడు. ప్రపంచాన్ని రెండు ముక్కలు చేసిన ఫిఖహ్ సూత్రాన్ని పట్టుకుంటే ఖద్దూరీ మాట నిజమనిపిస్తుంది. బనూ దమ్రా తెగతో మదీనా చేసుకున్న ఒప్పందం, శరణార్థులకు చోటిచ్చిన నజాషీ దేశాన్ని కదపకుండా వదలిన ఆచారం పట్టుకుంటే హమీదుల్లా మాట నిజమనిపిస్తుంది. ఒకరు సిద్ధాంతాన్ని చూశారు, మరొకరు ఆచరణను చూశారు అంటే సులువుగా ఉంటుంది గాని అది పూర్తి నిజం కాదు. ఖద్దూరీ అబ్బాసీల కాలపు సూత్రాన్ని ఇస్లాం మొత్తానికి అంటగట్టాడు. హమీదుల్లా మదీనా ఆచరణను ఆ తరువాతి సుల్తానులందరి నడవడికీ నమూనాగా చూపి, వారు దానినుంచి ఎంత దూరం జారారో కొలవడం మానుకున్నాడు. న్యాయసూత్రం పుస్తకంలో ఉండడం వేరు, దర్బారులో నడవడం వేరు. నిజామూ ముస్లిమే, టిపూ ముస్లిమే. 1799లో శ్రీరంగపట్నం మీదికి కుంఫిణీతో కలిసి నిజాము సైన్యం నడిచింది. ఆ యుద్ధపు దోపిడీలో పంచుకున్న నేలే మరుసటి ఏడాది దత్తమండలాలయింది. షైబానీ గ్రంథాన్ని అచ్చువేసిన రాజ్యమే ఇది! గుమ్మఘట్టలో ఆ పుస్తకం చదివే ముస్లిం అడగవలసిన మొదటి ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. గ్రంథకర్త చూపు మదీనా మీద, దమిష్కు, బాగ్దాదుల మీద నిలిచింది. కళ్ళెదుట ఉన్న దక్కను మీద అంతగా నిలవలేదు.

1948లో ఆ ప్రశ్న ఆయన ఇంటికే వచ్చింది. 1947 నవంబరు 29న హైదరాబాదు, భారత ప్రభుత్వం ఏడాదిపాటు యథాతథ ఒడంబడిక చేసుకున్నాయి. అది ముగియకముందే సంబంధాలు చెడ్డాయి. 1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. ఆ దౌత్యబృందంలో హమీదుల్లా ఒకరు. సెప్టెంబరు 13న భారత సేన కదిలింది. 16న మండలి విషయాన్ని చర్చకు తీసుకుంది. 17న హైదరాబాదు లొంగిపోయింది. కొద్ది రోజులకే ఫిర్యాదును ఉపసంహరిస్తున్నట్టు నిజాము పేరిట తంతి వెళ్ళింది. హైదరాబాదుకు ఫిర్యాదు చేసే అర్హత ఉందా లేదా అన్నదానిపై మండలి తుదిమాట చెప్పనేలేదు. వాస్తవంగా ఉన్నదే రాజ్యమని తన గ్రంథంలో నిర్వచనం రాసినవాడి రాజ్యం, న్యాయబద్ధమా కాదా అన్న విచారణ పూర్తికాకముందే, వాస్తవంలో లేకుండాపోయింది.

ఆయన తిరిగి రాలేదు. పారిస్‌లో ఒక చిన్న గదిలో, ఏ దేశపు పౌరసత్వమూ కోరకుండా దాదాపు అర్ధశతాబ్దం గడిపాడు. 1954 నుంచి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ పరిశోధనా సంస్థలో పనిచేశాడు. ఇస్తాంబులుకు వెళ్ళి పాఠాలు చెప్పాడు. 1980లో బహావల్‌పూర్‌లో పన్నెండు ఉపన్యాసాలు ఇచ్చాడు. 2002 డిసెంబరు 17న అమెరికాలోని ఫ్లారిడాలో కన్నుమూశాడు. ఈ నిష్ఠను ఎవరైనా గౌరవించవలసిందే. కాని విమర్శ గౌరవం దగ్గర ఆగిపోకూడదు. హైదరాబాదు రాజ్యానికి ఒప్పందాల బలం ఉంది సరే. ఆ రాజ్యంలో అత్యధిక సంఖ్యాకులైన హిందువులు, భూమి కోసం పోరాడుతున్న తెలంగాణ రైతులు ఆ ఒప్పందాలలో ఎక్కడ ఉన్నారు? రజాకార్లు ఊళ్ళ మీద చేసిన దౌర్జన్యాలకు జవాబుదారీ ఎవరు? సెప్టెంబరు తరువాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల వరకు ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు అచ్చుకు నోచుకోలేదు. చచ్చినవారిలో ఎక్కువమంది దర్బారులో ఏ కాగితం మీదా సంతకం చేయని పేద ముస్లింలు. రాజ్యాల మధ్య న్యాయం ఎంత చక్కగా చెక్కినా, సంతకం చేసినవాడి తప్పుకు సంతకం చేయనివాడు చెల్లించే మూల్యం గురించి అది నోరు విప్పకపోతే కొరత కొరతే.

విచిత్రమేమిటంటే ఆ కొరతను పూడ్చే సామగ్రి హమీదుల్లా చేతిలోనే ఉంది. మదీనా ఒడంబడికను 52 అంశాలుగా విడమరచి, ప్రపంచంలో మొదటి లిఖిత రాజ్యాంగంగా పరిచయం చేసినవాడు ఆయనే. అందులో ముహాజిర్లు, అన్సారులు, యూద తెగలు పేరుపేరునా ఉన్నారు. ఎవరి ధర్మం వారిది, పట్నం రక్షణ అందరిదీ. ఇదే పత్రాన్ని మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ 1938లో తన 'ముత్తహిదా ఖౌమియ్యత్ ఔర్ ఇస్లాం' గ్రంథంలో ఎత్తి చూపి, భిన్న మతస్థులు ఒకే దేశంలో ఒకే జాతిగా కలిసి ఉండవచ్చునని వాదించారు. ఒకే మూలం ఒకరికి రాజ్యాంగం, మరొకరికి సహజీవన ఒప్పందం. హమీదుల్లా దానిని రాజ్యం పుట్టుకగా చదివాడు. అందులో పేర్లు పలికిన తెగల వైపు నుంచి చదవలేదు. ఆ వైపు నుంచి చదివివుంటే, పేరు పలకని రైతుల మీద నడిచిన నిజాము పరిపాలన ఆయనకు కూడా వేరుగా కనిపించేది.

హుదైబియా దగ్గరకే మళ్ళీ రావాలి. సంధిపత్రం ఇంకా రాస్తుండగానే ఖురైషుల ప్రతినిధి సుహైల్ కొడుకు అబూ జందల్ (రజి), ఇస్లాం స్వీకరించినందుకు తండ్రి వేసిన సంకెళ్ళను ఈడ్చుకుంటూ ముస్లింల మధ్యకు వచ్చి పడ్డాడు. మక్కా నుంచి వచ్చినవారిని తిప్పి పంపాలన్న షరతు అప్పటికే కుదిరింది. సుహైల్ పట్టువదలలేదు. సహనం వహించమని, అల్లాహ్ దారి చూపుతాడని చెప్పి దైవప్రవక్త (స) అతన్ని తండ్రికే అప్పగించారు. సహాబీల గుండెలు అవిసిపోయాయి. ఒప్పందాన్ని నిలుపుకోవడం ఎంత గొప్పదో చూపడానికి హమీదుల్లా, ఆయన వెంట మన వ్యాసకర్తలందరూ ఈ ఘట్టాన్ని ఉదాహరిస్తారు. న్యాయమే. కాని ఉదాహరణ అక్కడితో ముగియదు.

కొన్నాళ్ళకు అబూ బసీర్ (రజి) మక్కా నుంచి తప్పించుకొని మదీనా చేరాడు. అతన్నీ తిప్పి పంపారు. దారిలో తనను తీసుకుపోతున్నవారిలో ఒకరిని చంపి అతడు మళ్ళీ వచ్చాడు. మదీనాలో చోటు దొరకదని గ్రహించి సముద్రతీరానికి వెళ్ళి 'ఈస్' దగ్గర మకాం వేశాడు. అది ఖురైషుల వర్తక మార్గం. అబూ జందల్ (రజి) కూడా సంకెళ్ళు తెంచుకొని అక్కడికే చేరాడు. మక్కాలో నలిగిపోతున్న వారంతా ఒక్కొక్కరే వచ్చి కలిశారు. ఆ సంధిలో వారు మదీనా పక్షం కాదు, మక్కా పక్షమూ కాదు. సిరియాకు పోయే బిడారు ఏదీ వారిని దాటి వెళ్ళలేకపోయింది. చివరకు ఖురైషులే మదీనాకు మనిషిని పంపి, ఆ షరతు తమకు వద్దని, వారిని పిలిపించుకొమ్మని బతిమాలుకున్నారు. దైవప్రవక్త (స) పంపిన లేఖ అందేసరికి అబూ బసీర్ (రజి) మరణశయ్య మీద ఉన్నాడు. ఆయనను అక్కడే ఖననం చేసి అబూ జందల్ (రజి) మిగిలినవారితో మదీనాకు బయలుదేరాడు.